తొమ్మిదో భాగం చదివినవాళ్లు

చచ్చిన పట్టుపురుగును అగ్గిపుల్లతో తిరగేసి చూస్తున్న భువనకు వెనకనుంచి నవ్వు వినిపించింది. ఆ నవ్వు ఎవరిదో తిరిగి చూడకుండానే తెలిసింది. కడుపులో మంట కూడా వెంటనే మొదలైంది.

"ఏమక్కా, పోస్టుమార్టమా?" అన్నాడు అశోక్.

హోసూరులో డిటెక్టివ్ అంటే ఇప్పుడు అందరికీ గుర్తొచ్చేది అశోక్ పేరే. ఒకప్పుడు బెంగళూరు ఏజెన్సీలో భువన దగ్గర పని నేర్చుకున్నవాడు. మనిషి వెంట పడేటప్పుడు ఎంత దూరంలో నడవాలో కూడా ఆమే నేర్పింది. ఇప్పుడు అతని ఆఫీసుకు అద్దాల తలుపు, లోపల ఏసీ. భువన ఆఫీసు బస్టాండు దగ్గర టైలరు షాపు పైన ఒక్క గది. ఫేస్‌బుక్‌లో అతను పెట్టే ప్రతి ముక్కా ఆమె చదువుతుంది. ఎక్కడ గొప్పలు పోయాడో, ఎక్కడ అబద్ధం అతికించాడో ఆమెకు కంఠతా వచ్చు. ఇక చదవకూడదని ఎన్నోసార్లు ఒట్టు పెట్టుకుంది. పొద్దున కాఫీ చేతికి రాగానే మళ్లీ చదువుతుంది.

"నిన్నెవరు పిలిచినారు?" అంది.

"ఇంటి పెద్దాయన, కృష్ణప్ప. నిన్ను?"

"ఆయన కోడలు."

"అట్లయితే నువ్వు ఓడిపోయినట్లే లే" అన్నాడు, చాలా దయగా. ఆ దయే భువనకు ఎక్కువ మండింది.

కెలమంగలంలో కృష్ణప్ప పురుగుల షెడ్డు చిన్నదేమీ కాదు. నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి పొర విడిచి, ఇంకొన్నాళ్లలో గూళ్లు కట్టవలసిన పురుగులు. ఆదివారం మధ్యాహ్నం ఆకు వేశారు. పొద్దు గూకే లోపల ఒక వరస మొత్తం తలలెత్తి అటూ ఇటూ ఊపి, పచ్చటి పసరు కక్కి, ఒళ్లు ముడుచుకొని చచ్చిపోయింది. రోగమైతే ఇంత తొందరగా చంపదు. ఎవరో విషం పెట్టారు.

ఆ ఆదివారం ఇంటికి చుట్టాలు కానివాళ్లు ముగ్గురు వచ్చారు. ముగ్గురూ రచయితలే.

హోసూరు, కృష్ణగిరి పక్కల తెలుగులో రాసేవాళ్లంతా కలిసి నడుపుకునే వాట్సాప్ గ్రూపు ఒకటుంది. పేరు మామిడిపూత. అందులో ఎవరూ ఎవరినీ తప్పుపట్టకూడదు, అదే నియమం. దానికి కారణమూ ఉంది. అందరిదీ ఇంట్లో తెలుగు, ఊళ్లు తమిళ రాష్ట్రంలో ఉండటంతో బడిలో తమిళం. పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్నవాళ్లు. అందుకే ఎవరు రెండు వాక్యాలు రాసినా గ్రూపంతా చప్పట్లు కొడుతుంది, ఎర్ర హార్టులు కురిపిస్తుంది. కృష్ణప్ప కోడలు పరిమళ ఆ గ్రూపులోనే వారానికో భాగం చొప్పున నవల రాస్తోంది. దాన్ని పుస్తకంగా వేస్తామని హైదరాబాదునుంచి ఒక ప్రచురణకర్త కబురు చేశాడు. ఆ సంతోషంలో ముగ్గురు సభ్యులు శాలువా పట్టుకొని ఇంటికొచ్చారు. అదే సంతోషంలో పరిమళ, పరాయివాళ్లను షెడ్డులోకి రానివ్వకూడదన్న ఇంటి కట్టుబాటు తప్పి, వాళ్లను లోపలికి తీసుకెళ్లింది. తలా ఒక కొమ్మ పురుగులకు వేయించింది.

భువన ఆకులగదిలోకి నడిచింది. కోసిన మల్బరీ కొమ్మలు వాడకుండా తడి గోనెపట్టా కప్పి పెట్టే గది అది. షెడ్డులోకి పోయేవాళ్లు కాళ్లూ చేతులూ కడుక్కునే కుళాయి కూడా అక్కడే ఉంది. పట్టా మడతలు ఒక్కొక్కటే విప్పింది. ఒక మడతలో గోధుమరంగు ముద్ద అంటుకొని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకోగానే తుమ్ము, దాని వెనక ఇంకో తుమ్ము.

"పొగాకు" అన్నాడు అశోక్ గుమ్మంలోంచి. "నేను పొద్దున్నే కనిపెట్టినాను. ఆకు కోసే మద్దమ్మ నడుముసంచిలో పొగాకు దొరికింది. పోయిన నెల పెద్దాయన ఆమెను తిట్టినాడంట. కేసు అయిపోయింది."

"మద్దమ్మ నమిలేది కాడపొగాకు. ఇది సెంటు కలిపిన ముక్కుపొడి. అంగట్లో కొన్నది."

"పొగాకు పొగాకే. పెద్దాయనకు ఈ మాత్రం చాలు."

"నిజం ఏందో నీకు అక్కర్లేదా?"

అశోక్ గొంతు తగ్గించాడు. "నీ క్లయింటుకే అక్కర్లేదు అక్కా. పెద్దాయన ఏమన్నాడో విన్నావా? పొద్దు గూకే లోపల తేలాలంట. మద్దమ్మ చేసుంటే పనిలోంచి పోతుంది. ఆ రాసేవాళ్లు చేసుంటే కోడలి ఫోను ఆయన చేతికి పోతుంది, ఈ ఇంట్లో రాత బంద్. నువ్వు నిజం పట్టుకొస్తే ముందు మునిగేది పరిమళే. బాగా యోచన చేసుకో."

తప్పు మాట కాదు. తప్పు కాని మాట అతని నోట్లోంచి వచ్చినందుకు భువన పళ్లు నూరుకుంది.

పరిమళ షెడ్డు వెనకాల నిలబడి ఉంది. ముప్ఫై దాటని మనిషి. ఏడ్చి ఏడ్చి మొహం ఉబ్బిపోయింది. అశోక్ వాకిట్లోకి వెళ్లేదాకా ఆగి, భువన చెయ్యి పట్టుకుంది.

"నేను రాసినట్లే చచ్చినాయక్కా."

"అంటే?"

"నా నవల తొమ్మిదో భాగంలో తోటికోడలు కుళ్లుతో ఆకు మీద ముక్కుపొడి చల్లుతాది. పురుగులు ఇట్లే చస్తాయి. పోయిన వారమే గ్రూపులో పెట్టినాను. అది చదివినోళ్లే ఎవరో చేసినారు. మామకు తెలిస్తే నా రాత గతి అంతే. చెప్పకుంటే మద్దమ్మక్క పోతుంది. ఈ ఇంటికి నాకంటే ముందునుంచీ ఉండే మనిషి ఆమె."

"ఆదివారం కుళాయి దగ్గరికి ఒంటరిగా పోయింది ఎవరు?"

"ముగ్గురూ పోయినారు, ఒకరెనక ఒకరు. శేషప్ప సారు, యతీశ్ అన్న, ఆశక్క." పేర్లు చెప్పి వెంటనే తల అడ్డంగా ఊపింది. "వాళ్లు చెయ్యరక్కా. మా గ్రూపులో అసూయ అనేదే లేదు."

అసూయ లేని గ్రూపు. భువనకు నవ్వొచ్చింది, కానీ ఆ మొహం చూసి మింగేసింది.

* * *

ముగ్గురూ హోసూరులోనే దొరికారు. సభ్యుల్లో ఒకరికి కష్టం వస్తే దగ్గర్లో ఉన్నవాళ్లు కలిసి మాట్లాడుకోవడం మామిడిపూత ఆనవాయితీ. ఒక హోటలు మేడమీద, పరిమళకు ఎట్లా సాయం చెయ్యాలా అని కాఫీలు ముందర పెట్టుకొని కూర్చున్నారు.

గ్రూపు పెద్ద శేషప్ప. కృష్ణగిరిలో మామిడికాయల మండీని కొడుక్కు అప్పజెప్పి, పద్యాల్లో పడిన మనిషి. యతీశ్ బండ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. షిఫ్టుల మధ్య కవితలు రాస్తాడు. ఆశ ఇంట్లోనే పిల్లలకు ట్యూషన్ చెబుతుంది. పరిమళ రాకముందు గ్రూపులో కథలంటే ఆశవే. నలభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడుతుంది. పరిమళ ఏది రాసినా మొదటి మెచ్చుకోలు ఆమెదేనని, పరిమళ పంపిన తొమ్మిదో భాగమూ గ్రూపు మెసేజీలూ ఫోనులో చదివినప్పుడే భువన చూసుకుంది.

భువన తానెవరో చెప్పి కుర్చీ లాక్కుంది. "తొమ్మిదో భాగం ఎట్లుంది?"

"అద్భుతం" అన్నాడు యతీశ్.

"కళ్లనీళ్లు తెప్పించింది" అన్నాడు శేషప్ప.

"పరిమళ చెయ్యి తిరిగిన రచయిత్రి అండీ" అంది ఆశ.

"మరి అందులో తోటికోడలు పురుగులను ఎట్లా చంపింది?"

యతీశ్ కాఫీ కప్పులోకి చూశాడు. "మంట... మంట పెట్టి కదా?"

"చదవలేదా?"

"నేను తమిళ్ మీడియం మేడమ్. రాసేది ఎట్లో రాసేస్తాను. ఒకరు రాసింది కూడబలుక్కొని చదవాలంటే నా షిఫ్టే అయిపోతుంది. చదవలేదంటే ఆయమ్మ బాధపడుతుంది కదా. అందుకే హార్టు పెట్టేస్తాను."

"అందరూ అంతేనమ్మా" అన్నాడు శేషప్ప సిగ్గుగా. "నలభైమందిమి ఉండాము. కడదాకా చదివేవాళ్లు ఎంతమందో ఆ దేవుడికే తెలియాలి. నాకు కండ్లు సరిగా ఆనవు. ఆడియో పెట్టండమ్మా అని ఎన్నోసార్లు చెప్పినాను."

అని జేబులోంచి చిన్న డబ్బా తీసి, మూతమీద రెండుసార్లు తట్టాడు. ముక్కుపొడి. అదే సెంటు వాసన.

భువన వెన్ను నిటారైంది. "ఆదివారం కూడా మీ దగ్గర ఈ డబ్బా ఉందా సార్?"

"ఇది కొత్తదమ్మా. పాతది ఆదివారం కెలమంగలం బస్సులో యాడనో పడిపోయింది. షెడ్డులోకి పోయేముందు జేబు చూసుకుంటే లేదు. అదీ మంచిదే అనుకున్నాను, పురుగులకు పొగాకు పడదంట కదా."

"పడదని ఎవరు చెప్పినారు?"

"పరిమళమ్మే. షెడ్డు గుమ్మంలో ముగ్గురికీ చెప్పింది."

అబద్ధమాడే మనిషి ఇంత తీరిగ్గా డబ్బా బయటికి తీయడు. అలాగని వదిలేయడానికీ లేదు. భువన ఆశ వైపు తిరిగింది. "మీరు చదివినారా అమ్మా?"

"పైపైన చూసినానండీ" అని ఆశ చిన్నగా నవ్వింది. "పిల్లలకు పరీక్షలు. తీరిక యాడిది?"

ముగ్గురూ చదవలేదు. పొగాకు పడదని షెడ్డు గుమ్మంలో వినేసరికే డబ్బా మాయమైంది; అంతకుముందే ఆ ఉపాయం తెలియాలంటే తొమ్మిదో భాగం చదివి ఉండాలి. ముగ్గురిలో ఒకరు చదివి, చదవలేదంటున్నారు. ఎవరిని ఎట్లా బయటికి లాగాలి?

భువన ఫోను ఊరికే తెరిచింది. అలవాటుకొద్దీ వేలు అశోక్ పేజీ మీదికే పోయింది. 'కెలమంగలంలో కేసు ఛేదించాం' అని అప్పుడే పెట్టేశాడు. కింద వందలాది మెచ్చుకోళ్లు. వాళ్లలో ఒక్కరైనా కడదాకా చదివి ఉంటారా? అభిమానులకు అంత ఓపిక ఉండదు. వాడు రాసింది అక్షరం వదలకుండా చదివే మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆ మనిషికి వాడంటే ఒళ్లుమంట.

ఫోను మూసింది. తాను వెతుకుతున్న మనిషి ఎట్లా ఉంటుందో ఆమెకు ఇప్పుడు బాగా తెలుసు. ఆ మనిషి దేన్ని సహించలేదో అంతకంటే బాగా తెలుసు. అశోక్ ఆఫీసు తెరిచిన రోజు ఎవరో అతన్ని, అతను చెయ్యని పనికి పొగుడుతుంటే, గొంతుదాకా వచ్చిన మాటను ఆపుకోవడానికి ఎంత కష్టపడిందో గుర్తుంది.

"నేను మాత్రం చదివినాను" అంది భువన తాపీగా. "రెండు రోజులు పట్టింది. అసలు ఆ ముగింపు ఉండాది చూడండి, ఏం ముగింపు! తోటికోడలు చచ్చిన పురుగుల మీద పడి, తప్పు చేసినానని గుండెలు బాదుకొని ఏడుస్తాది కదా. నాకు నిద్ర పట్టలేదు. ఈ పక్క ఇంతవరకూ ఎవరూ అట్ల రాయలేదు సార్. ముందర రాసినోళ్లందరిదీ ఒక ఎత్తు, పరిమళది ఒక ఎత్తు."

"అవునవును" అన్నాడు యతీశ్.

"ఆ ఏడుపు చదివే హైదరాబాదువాళ్లు ఒప్పుకున్నారంట. ఆ ఏడుపు ఒక్కటి చాలు..."

"ఆమె ఏడవదు."

ఆశ కప్పు కింద పెట్టింది. కాఫీ సాసరులోకి ఒలికింది.

"ఏమన్నారమ్మా?"

"తోటికోడలు ఏడవదండీ. చేతులు కడుక్కుంటాది. పోయి కంచం ముందర కూర్చొని, ముద్ద కలుపుకొని తింటాది. భాగం ఆడికి అయిపోతుంది. ఏడిస్తే అది మామూలు కథ. ఏడవలేదు కాబట్టే..." ఒలికిన కాఫీని వేలితో అదిమి తుడిచింది. "చదవకుండా పొగడద్దండి. పొగిడితే సరిగ్గా పొగడండి."

తన నోటినుంచి ఏం జారిందో ఆశకే అర్థమై, మొహం తెల్లబోయింది.

శేషప్ప డబ్బా మూత నెమ్మదిగా మూశాడు. "బస్సులో నా పక్కన కూర్చున్నది నువ్వే కదమ్మా" అన్నాడు. తిట్టినట్లు లేదు, బతిమాలినట్లుంది.

ఆశ కొంగు అంచు మడుస్తూ విప్పుతూ మాట్లాడింది. ఎవరి మొహమూ చూడలేదు.

"పరిమళకు అ ఆ లు దిద్దించింది నేను. ఫోనులో తెలుగు కొట్టడం నేర్పింది నేను. గ్రూపులో చేర్పించింది నేను. మొదటి భాగం నాకు చూపించి, బాగుందా అక్కా అని అడిగినప్పుడు నా కడుపులో ఏదో తెగిపోయింది. పదిహేనేండ్లుగా రాస్తా ఉండాను నేను. నాకు రాని మాట, పొలం పనులు ముగించుకొని వచ్చి కూర్చున్న పిల్లకు వచ్చేసింది. ఒక్కో భాగం ఎన్నిసార్లు చదివినానో. ఎక్కడైనా ఒక్క తప్పు దొరుకుతుందేమో అని చదివినాను. దొరకలేదు. హార్టు పెట్టినాను. హార్టు పెట్టి పెట్టి నా చెయ్యి మండిపోయింది."

"పురుగులు ఏం చేసినాయి?"

"పంట పోతే ఇంట్లోవాళ్లు ఆమెను రాయనీరు అనుకున్నాను. అంతే." అప్పుడు తలెత్తింది. కళ్లలో నీళ్లున్నాయి, వాటి వెనక ఇంకేదో కూడా ఉంది. "పోయి చెప్పండి. మద్దమ్మ పని నిలబడుతుంది, మంచిదే. పరిమళ ఫోను మామ చేతికి పోతుంది. నేను చెయ్యాలనుకున్న పని మీరు పూర్తి చేస్తారు. చెప్పకుంటే మద్దమ్మ పోతుంది. ఏది చేస్తారో మీ ఇష్టం."

భువన ఇన్నేళ్ల పనిలో దొంగలు ఏడవడం చూసింది, పారిపోవడం చూసింది. దొరికిపోయి కూడా గెలిచినవాళ్లను చూడలేదు. స్కూటరు తాళం తీసుకొని లేచింది. మెట్లు దిగుతుంటే ఆశ మీద రావలసినంత కోపం రాలేదు. అశోక్ అద్దాల తలుపు భళ్లున పగలాలని తాను కోరుకోని రోజు లేదు మరి.

* * *

కెలమంగలం చేరేసరికి పొద్దు వాలింది. వాకిట్లో కృష్ణప్ప మంచం మీద కూర్చొని ఉన్నాడు. మద్దమ్మ గోడవార గొంతుకూర్చుని నేల చూస్తోంది. అశోక్ ఫోను పైకెత్తి షెడ్డు ముందర తన వీడియో తానే తీసుకుంటున్నాడు.

భువన పరిమళను పక్కకు పిలిచి, చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పింది. ఆశ అన్న ఆఖరి మాట కూడా దాచలేదు. "ఇప్పుడు నువ్వే చెప్పు. నన్ను ఏం చెప్పమంటావు?"

పరిమళ గుమ్మం పట్టుకొని నిలబడిపోయింది. ఏడుస్తుందనుకుంది భువన. ఏడవలేదు.

"ఆశక్క చదివిందా?" అంది.

"ఏంది?"

"మొత్తం చదివిందా అక్కా? మొదటినుంచీ?"

"అక్షరం వదలకుండా. ఒక్క తప్పు కూడా దొరకలేదంట."

ఆ మొహంలో ఒక్క క్షణం కనిపించిన వెలుగును భువన చూడలేకపోయింది. పురుగులు పోయాయి, ఒక వరస పంట పోయింది, అక్కలాంటి మనిషి పోయింది. అయినా తన రాతను ఒక మనిషి కడదాకా చదివిందన్న సంతోషం ఆ పిల్ల కళ్లలో నిలిచింది. అట్లాంటి సంతోషం తనకు జన్మలో ఒక్కసారైనా దక్కిందా అనుకుంది భువన.

పరిమళ వాకిట్లోకి నడిచింది. "మామా, మద్దమ్మక్క తప్పేమీ లేదు. మా గ్రూపులో ఆశక్క చేసింది. ముక్కుపొడి చల్లింది. చల్లాలనే యోచన ఆమెకు నా రాతలోంచే వచ్చింది. వాళ్లను లోపలికి పిలిచింది గూడా నేనే." ఫోను తీసి మంచం మీద, ఆయన చేతి పక్కన పెట్టింది.

అశోక్ వీడియో ఆపేశాడు. "సాక్ష్యం ఏమక్కా?" అన్నాడు భువనతో, నీరసంగా.

"సాక్షులు ఇద్దరుండారు. ఆమే ఒప్పుకుంది. నీ పోస్టు తీసేసెయ్. కడదాకా చదివినోళ్లు ఎవరూ ఉండరు లే, భయపడద్దు."

మద్దమ్మ లేచి, ఎవరితోనూ మాట్లాడకుండా మిగిలిన పురుగులకు ఆకు వేయడానికి షెడ్డులోకి పోయింది.

కృష్ణప్ప ఫోను చేతికి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. తెర మీద తెలుగు అక్షరాలు వరసలుగా ఉన్నాయి. ఆయన చదివింది తమిళం, అదీ ఐదో తరగతిదాకా. చాలాసేపు దాన్ని అట్లాగే చూసి, కోడలి వైపు చాపాడు.

"ఏమ్మా, నా పంట నీ రాతలోంచి వచ్చిన యోచనతో పోయిందంటివి. ఆ రాత ఏందో నాకు తెలియాల్నా వద్దా? నాకు ఈ అక్షరాలు రావు. కూర్చొని చదువు. విన్నాక చెప్తాను, ఈ ఫోను ఎవరికాడ ఉండాల్నో."

పరిమళ ఫోను అందుకుంది. ఆమె పెదవుల్లో రక్తం లేదు.

భువనకు కారణం తెలుసు. తొమ్మిదో భాగం తోటికోడలితో మొదలు కాదు, మామతో మొదలవుతుంది. కోడలు చేసిన సంగటి తింటూ, ఆమె పోసిన నీళ్లతో చేతులు కడుక్కుంటూ, ఇన్నేళ్లలో ఆమెను ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవని మనిషితో. ఆ మనిషి మీసం దగ్గర్నుంచి దగ్గుదాకా అన్నీ ఉన్నాయి అందులో. అది ఎవరో వాకిట్లో ఉన్న ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది.

దాటవేయవచ్చు. నేరుగా తోటికోడలి దగ్గరికి పోవచ్చు. ఆయనకు అక్షరాలు రావు, ఎవరూ పట్టుకోలేరు. భువన కళ్లతోనే ఆ మాట చెప్పాలని చూసింది.

పరిమళ ఆమె వైపు చూడలేదు. మామ కాళ్ల దగ్గర అరుగు మీద కూర్చొని, గొంతు సవరించుకొని, మొదటి వాక్యంనుంచి చదవడం మొదలుపెట్టింది.